మా నాన్నగారి కళ్లద్దాలు, మా ఆవిడ టార్చిలైటు

మా ఆవిడ భ్రమరాంబ ఏది ఎంచుకున్నా పదిమందీ మెచ్చే దాన్ని వదిలేసి, మూలన పడి ఉన్న దాన్నే ఎంచుకుంటుంది. చీరైనా అంతే, వంకాయలైనా అంతే, ఆ మాటకొస్తే మొగుడైనా అంతే. నాకంటే ముందు ఆమెకు ఒక బ్యాంకు ఉద్యోగి సంబంధం వచ్చిందని మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నాకు గుర్తుచేస్తూనే ఉండేది. కాబట్టి కోఠీలో కొట్టాయన రెండు రకాల దీపాలు వెలిగించి చూపిస్తే, ఆవిడ జిగేల్మంటున్న దాన్ని పక్కకు నెట్టి, వెలుగుతోందో లేదో తెలియని దాన్ని తీసుకున్నందుకు నేను ఆశ్చర్యపోలేదు. ఒళ్లు మండింది, అంతే.

అసలు ఆ కొట్టు దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. నిజాంపేట రోడ్డులో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాని. భ్రమరాంబ పెళ్లయిన కొత్తలో బాలానగర్‌లో ఒక రేడియోల కార్ఖానాలో చేరి, అది మూతపడేదాకా టంకం పెట్టే పనిలోనే ఉంది. ఆవిడ చేతిలో సోల్డరింగు కడ్డీ ఉన్నప్పుడు పలకరించకూడదు. పలకరించి నేను చాలాసార్లు తిట్లు తిన్నాను. కార్ఖానా మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మాదాపూర్‌లో కూలీల పిల్లల్ని చూసుకునే బాలవాడిలో కుదిరింది. అప్పటికే అక్కడ కొత్త భవనం ఒకటి లేచి కంప్యూటర్ కంపెనీలతో నిండిపోయింది. దాని చుట్టుపక్కల మరిన్ని భవనాలు స్తంభాల దశలో ఉన్నాయి. మిగతాదంతా బండరాళ్లే. ఆ బండల మధ్య రేకుల షెడ్లు వేసుకుని పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఉండేవాళ్లు. తల్లులు కాంక్రీటు తట్టలు మోస్తుంటే వాళ్ల పిల్లలు మా ఆవిడ దగ్గర ఉండేవాళ్లు.

బాలవాడి అంటే ఏదో ఊహించుకోకండి. అక్కడే పగలగొట్టిన రాళ్లను మట్టితో పేర్చిన నాలుగు గోడలు, పైన రేకులు, ఒక తలుపు. కిటికీ కూడా లేదు. రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందులుండేవి. పిల్లలు ఆ సందుల్లో పుల్లలు దూర్చి ఆడుకునేవాళ్లు. తేళ్లూ ఆ సందుల్లోనే కాపురముండేవి.

ఒకరోజు సత్తెమ్మ కూతురు అఖిలను తేలు కుట్టింది. సత్తెమ్మ ఆ సైటులో తట్టలు మోసే మనిషి. అఖిలకు మూడేళ్లు. ఉయ్యాల కట్టిన చీర మడతలో ఎర్రతేలు దాక్కుని ఉంది. పిల్లకు ఒళ్లంతా చెమటలు పట్టి, నోటివెంట నురగ వచ్చింది. మా ఆవిడే ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తింది. పిల్ల బతికింది, ఆ దేవుడి దయ. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక సత్తెమ్మ పిల్లను బాలవాడికి పంపలేదు. కాంక్రీటు కలిపే మిషను పక్కన ఒక గుంజకు పాత చీరతో నడుము కట్టేసి, ఇసుక మీద కూర్చోబెట్టి పనిలోకి పోయేది. ఆ మిషను చప్పుడులో పిల్ల ఏడిస్తే కూడా వినపడదు. మా ఆవిడకు అన్నం సహించేది కాదు.

అంతటితో అయిపోలేదు. సైటు మేనేజరు భాస్కర్ బాలవాడికి వచ్చాడు. వరంగల్ మనిషి, చెడ్డవాడు కాదు.

"మేడమ్, మీ మీద నాకేం కోపం లేదు. పిల్లకు గిట్లయినంక పైనోళ్లు నన్ను అడుగుతుండ్రు. గీ రూంల తేళ్ల భయం లేదని చూపెట్టుండ్రి, నడుపుకుందం. లేకుంటె బంద్ పెట్టాలె. వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం సేఫ్టీ సారు వస్తడు," అన్నాడు.

బంద్ పెడితే ఆ పిల్లలందరికీ మిషను పక్కన గుంజలే గతి. ఈ మాట మా ఆవిడ ఇంటికొచ్చి నాతో అంది. కార్ఖానా మూసిన రోజున కూడా నేను ఆవిడను అంత దిగులుగా చూడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "ఏవండీ, ఆ ఫంక్షన్లో తేలు గుర్తుందా?" అంది.

గుర్తులేకేం. అంతకు కొన్ని వారాల ముందు, పక్కనే ఒక కొత్త ఆఫీసు తెరిచినప్పుడు బాలవాడి పిల్లలతో స్వాగతగీతం పాడించారు. నన్నూ లాక్కెళ్లింది. స్టేజీ మీద నల్ల ట్యూబులైట్లు పెట్టారు. ఆ ట్యూబులు వెలిగినట్టే ఉండవు గానీ, వాటి ముందుకు వచ్చినవాళ్ల తెల్లచొక్కాలు మాత్రం ధగధగలాడతాయి. అందరూ తమ చొక్కాలు చూసుకుని మురిసిపోతుంటే, స్టేజీ వెనక బండ మీద ఒక తేలు పాకుతూ వచ్చింది. నల్లటి తేలు ఆ వెలుగులో పచ్చగా, కొండితో సహా, గీత గీసినట్టు మెరిసింది. టై కట్టుకున్న వాళ్లంతా కుర్చీలెక్కారు. నేనూ ఎక్కాను. మా ఆవిడ మాత్రం దాని వైపు రెండడుగులు వేసి తొంగిచూసింది.

"ఆ వెలుగు చేతిలో పట్టుకుని తిరిగేలా ఉంటే, ఏ సందులో దాక్కున్నా దొరుకుతాయి కదండీ," అంది.

ట్యూబు పెడదామంటే షెడ్డులో ఒక్కటే తీగ, దానికీ సగం రోజు కరెంటుండదు. పైగా అంత పొడుగు ట్యూబును సందుల్లోకీ చాప కిందకీ ఎలా పెడతాం? అందుకని కోఠీ వెళ్లాం. గుజరాతీ గల్లీలో రేడియో విడిభాగాలమ్మే సీతారామయ్యగారు మా ఆవిడను కార్ఖానా రోజుల నుంచీ ఎరుగును. ఆయన సొరుగు లోపలి నుంచి రెండు చిన్న కవర్లు తీశాడు. వాటిలో శనగగింజంత బుడ్డిదీపాలున్నాయి. ఎల్ఈడీలంటారు. బొంబాయి ఏజెంటు నమూనాగా పంపినవట.

ముందు నీలం దీపం వెలిగించాడు. ఆ రోజుల్లో ఎర్రవీ పచ్చవీ తప్ప నీలం దీపం చూసి ఎరగం. కళ్లు చెదిరాయి. నేను వెంటనే, "ఇదే, ఇదే," అన్నాను. తరవాత రెండోది వెలిగించాడు. అడుగున ఏదో పలచటి ఊదారంగు మసక తప్ప ఏమీ లేదు.

"ఇది అతినీల లోహితం అమ్మా. ఇందులో వెలుగు ఉంటుంది, మన కంటికి ఆనదు. ఎవరూ అడగరు. పాడైపోయాయని వాపసు తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు," అన్నాడు సీతారామయ్యగారు.

మా ఆవిడ ఆ నీలం దీపాన్ని నా చొక్కా జేబు దగ్గర పెట్టింది. జేబు నీలంగా కనిపించింది. తరవాత మసక దీపం పెట్టింది. జేబు తెల్లగా భగ్గుమంది. నేను ఉలిక్కిపడి జేబు తడుముకున్నాను.

"ఇవే ఇవ్వండి," అంది సీతారామయ్యగారితో. "ఇటువైపు మరీ తొంగిచూడకండి, కంటికి మంచిది కాదు," అంది నాతో. ఆవిడ ఎంపిక సరైనదేనని నాకు అప్పుడే అర్థమైంది. ఒప్పుకోవడానికి మాత్రం మియాపూర్ బస్సెక్కేదాకా ఆగాను.

ఇక మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. సైటులో మిగిలిపోయిన నీళ్ల పైపు ముక్క టార్చికి ఒళ్లయింది. అందులో మూడు సెల్లులు, ముందు గుండ్రటి పలక మీద ఆరు దీపాలు, ఒక్కోదానికీ ఒక రెసిస్టరు. ఆ రెసిస్టరు ఎందుకు దండగ అని నేనొక దీపాన్ని తిన్నగా సెల్లులకు తగిలిస్తే అది ఒక్కసారి మెరిసి చచ్చింది. ఆ పూట నాకు కాఫీ రాలేదు. వంటింటి గట్టు మీద పోపులడబ్బా పక్కన టంకం తీగ, నా షేవింగు అద్దం మీద తీగముక్కలు. ఆఫీసులో నా చొక్కాకు అంటిన టంకం చుక్క చూసి కొత్తగా ఏదైనా వ్యాపారమా అని అడిగారు. అవునన్నాను.

దీపాలు బాగానే వెలిగాయి కానీ ఆ వెలుగు మూరెడు దూరం పోయేసరికి చెదిరిపోతోంది. దాన్ని కూడగట్టి ముందుకు పంపడానికి ఒక అద్దం కావాలి, భూతద్దం లాంటిది. కూకట్‌పల్లిలో కళ్లద్దాల కొట్టుకు వెళ్లాం. ఆ కొట్టతను ప్లాస్టిక్ అద్దాలు చూపించాడు. తేలిగ్గా, తేటగా ఉన్నాయి, కిందపడినా పగలవు. కంప్యూటర్ ఉద్యోగాల కుర్రాళ్లందరూ ఇవే పెట్టించుకుంటున్నారని చెప్పాడు. మా ఆవిడ ఆలోచించింది. రేపు ఈ టార్చి తల్లుల చేతుల్లో తిరుగుతుంది, రాళ్ల మీద పడుతుంది. పగలనిదే నయం. అది తప్పని నేనూ అనుకోలేదు, ఎవరూ అనుకోరు.

ఇంటికొచ్చి అద్దం బిగించి, దండెం మీద ఆరేసిన నా పంచె మీద వేసింది. పంచె వెన్నెల్లా వెలిగింది. నా పంచెలంటే మా ఆవిడకు గర్వం. తెల్లదనానికి టినోపాల్ వేసి, రెండు నీళ్లు జాడించి, ఎండలో ఆరేస్తే మా వీధిలో అంత తెల్లటి పంచె ఇంకొకటి ఉండదు. పంచె వెలిగితే ఇక తేలు వెలగకపోవడమేమిటి? ఆ ధీమాతో సేమ్యా పాయసం చేసింది. నేను రెండు గ్లాసులు తాగాను.

శనివారం సాయంత్రం పని ముగిశాక, చీకటి పడుతుండగా బాలవాడి ముందు అందరూ పోగయ్యారు. మేస్త్రీ ఐలయ్య పగలే ఒక తేలును పట్టి ఇనప బొచ్చెలో వేసి ఉంచాడు. భాస్కర్ కూడా వచ్చి నిలబడ్డాడు. సత్తెమ్మ పిల్లను చంకనెత్తుకుని దూరంగా నిలబడింది. మా ఆవిడ టార్చి వెలిగించి బొచ్చెలో వేసింది. అందమైన ఊదారంగు బిళ్ల పడింది. ఆ బిళ్ల మధ్యలో తేలు నల్లగా, ఎప్పటిలాగే కూర్చుంది. ఇంకాస్త దగ్గరకు పెట్టింది. తేలు కదిలింది గాని మెరవలేదు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఐలయ్య మర్యాదగానే అన్నాడు: "టీచరమ్మా, గీ లైటు కంటె మా కందిలే నయ్యమున్నది."

సత్తెమ్మ దగ్గరకు వచ్చింది. "నా పిల్ల కోసమే జేస్తివి, నాకు తెల్వదా. కాని మల్ల గా రూంల పెట్ట టీచరమ్మా. ఏమనుకోకు," అని వెళ్లిపోయింది.

భాస్కర్ గడియారం చూసుకుని, "సోమవారం దాక టైమున్నది కద మేడమ్, పరేషాన్ కాకుండ్రి," అన్నాడు. ఆ మాటలో ఆశ లేదు, జాలే ఉంది. ఆ నవ్వినవాడెవడో నాకు తెలిసుంటే అక్కడే గొడవపడేవాణ్ణి. మా ఆవిడను అంతమందిలో అలా నిలబెట్టినందుకు నాకు ఆ టార్చి మీద, ఆ తేలు మీద, నేను తాగిన పాయసం మీద కూడా కోపం వచ్చింది.

ఆవిడ మాత్రం ఐలయ్యతో, "ఆ తేలు నాకిస్తారా అన్నా?" అంది.

అలా ఒక బతికున్న తేలు హార్లిక్స్ సీసాలో, సీసా నా టిఫిను సంచిలో, సంచి నా ఒళ్లో, నేను కిటకిటలాడే సిటీ బస్సులో నిజాంపేట దాకా వచ్చాం. పక్కనాయన సంచి తన ఒళ్లో పెట్టుకుంటానని ఎంతో మంచిగా అడిగాడు. వద్దని చెప్పడానికి నాకు మాటలు వెతుక్కోవలసి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే స్నానాల గది తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కి, ఇద్దరం లోపల కూర్చున్నాం. ఒక పక్క బకెట్టు మీద నా పంచె, ఇంకో పక్క నేల మీద సీసాలో తేలు. టార్చి వేస్తే పంచె వెలుగుతోంది, తేలు వెలగడం లేదు.

"మీ పంచె నన్ను మోసం చేసిందండీ," అంది మా ఆవిడ.

"నా పంచెనెందుకంటావు? ఉతికింది నువ్వు," అన్నాను.

ఆవిడకు నవ్వు రాలేదు. టార్చి మూతి తిప్పి అద్దం ఊడదీసింది. సెల్లులు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని ఒట్టి దీపాలను వెలిగించి సీసా దగ్గరగా పట్టుకుంది. సీసాలో తేలు పచ్చగా మెరిసింది. ఫంక్షన్లో మెరిసినట్టే, కొండితో సహా.

"ఆ అద్దం అడ్డం పెట్టండి," అంది. పెట్టాను, తేలు ఆరిపోయింది. తీశాను, మెరిసింది. పెట్టాను, తీశాను. మన కంటికి మంచినీళ్లలా తేటగా ఉన్న ఆ ప్లాస్టిక్ అద్దం, ఆ కనపడని వెలుగుకు మాత్రం గోడలా అడ్డం నిలబడుతోంది. ఏ కాస్తో దాటి బయటకు వచ్చిన దానికి టినోపాల్ పంచె వెలిగిపోయింది, తేలుకు అది చాలలేదు. ఊరందరి కంటే తెల్లగా ఉతికే ఇల్లాలు కాబట్టే మా ఆవిడ ఆ పొరపాటు చేసింది. ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోదు.

"ప్లాస్టిక్ ఆపుతోంది సరే, గాజు మాత్రం ఆపదని ఏమిటి నమ్మకం?" అన్నాను.

ఆవిడ సీసాను వేలితో కొట్టి చూపించింది. నిజమే. తేలు గాజుసీసా లోపలే ఉంది. వెలుగు ఆ గాజులోంచే కదా లోపలికి పోయింది.

కావలసింది గాజు అద్దం. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి, రేపే సోమవారం. ఇల్లంతా గాలించాం. అటక మీద ఒక పాత భూతద్దం దొరికితే అదీ ప్లాస్టిక్కే. కాగితాల మీద పెట్టుకునే గాజుగుండుతో ప్రయత్నిస్తే వెలుగు అడ్డదిడ్డంగా పోయింది. కాసేపటికి మా ఆవిడ వెతకడం ఆపి గుమ్మం దగ్గర నిలబడింది. నా వైపు చూడకుండా అంది.

"మామయ్యగారి కళ్లద్దాలు గాజువి కదండీ."

మా నాన్నగారికి శుక్లాలు తీశాక ఇచ్చిన కళ్లద్దాలవి. సోడాబుడ్డి అద్దాలు, నా చిటికెన వేలంత మందం. ఆ అద్దాల వెనక ఆయన కళ్లు రెండింతలై కనిపించేవి. ఏ తప్పు చేసి ఎదురుగా నిలబడినా ఆ పెద్ద కళ్లు నన్నే చూస్తున్నట్టుండేవి. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన బట్టలు, చేతికర్ర అందరికీ ఇచ్చేశాం. కళ్లద్దాలు మాత్రం నేను బీరువా సొరుగులో దాచుకున్నాను. ఒక కమ్మీకి ఆయన తన చేత్తో చుట్టుకున్న దారం కూడా అలాగే ఉంది.

"ఇంకేవీ దొరకలేదా నీకు?" అని కసిరాను.

"మీరు వద్దంటే ముట్టుకోను. ఇంకో దారి చూసుకుంటాను," అంది. నిజంగానే ముట్టుకోదు, నాకు తెలుసు. అదే కష్టంగా ఉంది.

సొరుగు తీసి కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆయన చూపంటూ నాకు మిగిలింది అదొక్కటే. వాటిని ఊడదీస్తే అది కూడా పోతుందనిపించింది. కానీ ఎంత వద్దనుకున్నా మిషను పక్కన నడుముకు చీర కట్టిన పిల్ల కళ్లముందుకు వస్తోంది. నాన్న ఉంటే ఏమనేవారో ఆలోచించాను. ఇంత ఆలోచనెందుకురా అని కసిరేవారు. నా కసురు ఆయన దగ్గర నుంచి వచ్చిందే.

చిన్న స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని నేనే మరలు విప్పాను. రెండు అద్దాలూ పంచెతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాను. చట్రాన్ని దారంతో సహా మళ్లీ సొరుగులో పెట్టేశాను.

మొదటిసారి బిగించినప్పుడు వెలుగు ఇంకా చెదురుతూనే ఉంది. దీపాల పలకను పైపులో కాస్త వెనక్కి జరిపింది, ఇంకాస్త జరిపింది. నా అరచేయంత దూరం జరిగేసరికి వెలుగంతా ఒక్క గుండ్రటి మచ్చగా కుదురుకుంది. నేను సీసాను స్నానాల గది చివర పెట్టి పక్కకు తప్పుకున్నాను. గుమ్మం దగ్గర నుంచి ఆవిడ టార్చి వేసింది. అంత దూరాన తేలు దీపం పెట్టినట్టు వెలిగింది. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు, పక్కింటివాళ్లు మాత్రం పాము దూరిందనుకుని కర్రలు పట్టుకొచ్చారు.

రెండో అద్దంతో సాయంత్రానికి రెండో టార్చి కూడా తయారైంది.

సోమవారం నేను ఆఫీసు నుంచి తిన్నగా మాదాపూర్ వెళ్లాను. చీకటి పడ్డాక సేఫ్టీ ఆఫీసరూ, భాస్కరూ వచ్చారు. ఐలయ్య పట్టకారు, మూత ఉన్న డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. తల్లులు గుమ్మం బయట మూగారు. సత్తెమ్మ అందరికంటే వెనక ఉంది. తలుపు మూసి, కందిలి ఆర్పేశారు. మా ఆవిడ గోడ పైనుంచి టార్చి వేసుకుంటూ రాసాగింది. ఊదా మచ్చ రాళ్ల మీద మెల్లగా జారుతోంది. ఏమీ లేదు. ఇంకాస్త కిందకు వచ్చింది, ఏమీ లేదు. నేల దగ్గర ఒక సందులో పచ్చటి కొండి మెరిసింది.

"ఆఁ, ఆడ్నే ఉంచు టీచరమ్మా," అంటూ ఐలయ్య పట్టకారుతో లాగి డబ్బాలో పడేశాడు. తలుపు పక్క సందులో మరొకటి. చాపల కట్ట కింద ఇంకోటి. రెండో టార్చిని ఐలయ్య ఎవరూ ఇవ్వకుండానే అందుకుని, "నీ అయ్య, ఏడ దాక్కుంటవు రా," అని తేళ్లతో మాట్లాడుకుంటూ గోడంతా తిరిగాడు. పదేళ్లుగా కందిలి పట్టుకుని వెతికిన మనిషి, ఒక్కోటి దొరికినప్పుడల్లా బయటవాళ్లకు చెప్పి మురిసిపోయాడు. శనివారం నవ్వినవాడెవడో గాని, ఇప్పుడు అందరూ టార్చి తమకూ ఒకసారి ఇమ్మని అడిగారు.

భాస్కర్ మాత్రం డబ్బాలోకి చూసి వెనక్కి తగ్గాడు. "అమ్మో, గిన్ని ఉన్నయా? మేడమ్, ఇగ పిల్లల్ని ఇందుల ఎట్ల కూసోబెడతం?"

తేళ్లు లేవని చూపించమంటే ఎన్ని ఉన్నాయో చూపించినట్టయింది.

మా ఆవిడ తొణకలేదు. "ఇవి ఇవాళ వచ్చినవి కావండి. మొదటి నుంచీ ఉన్నాయి, మనకు కనపడలేదు. ఇప్పుడు కనపడుతున్నాయి. ఏరేద్దాం, సందులు పూడ్పించండి. రోజూ తలుపేసి ఈ వెలుగుతో గదంతా చూశాకే పిల్లల్ని లోపలికి రానిస్తాను. ఉయ్యాల చీర విప్పి దులిపి, దాని మీదా వేసి చూస్తాను," అంది.

సేఫ్టీ ఆఫీసరు టార్చి అడిగి తీసుకుని, తనే వంగి మూలమూలా చూశాడు. ఆయన మాట్లాడకముందే ఐలయ్య అందుకున్నాడు. "సిమెంటు ఇప్పియ్యిండ్రి సారు. రేపు పొద్దుగాల్లనే లోపట బయట నేనే ప్లాస్టరింగ్ జేస్త. కూలి గీలి వద్దు."

"సిమెంటు తీసుకో," అన్నాడు ఆఫీసరు. "బాలవాడి నడవనీ భాస్కర్. మిగతా షెడ్లకు కూడా ఇలాంటి లైట్లు చేయించగలరా అమ్మా?"

గుమ్మం బయట ఆడవాళ్లు ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా ఆవిడ నా వైపు తిరిగి చీకట్లో నా చేయి పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో పదిమందిలో ఆవిడ అలా పట్టుకోవడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ బ్యాంకు ఉద్యోగి ఎక్కడున్నాడో గాని, వాణ్ణి పిలిచి చూపించాలనిపించింది.

మిగతా షెడ్లకు చేయాలంటే మరిన్ని గాజు అద్దాలు కావాలి. కూకట్‌పల్లి కొట్టతని దగ్గరకే మళ్లీ వెళ్లాం. సోడాబుడ్డి అద్దాలు కావాలంటే అతను విచిత్రంగా చూసి, అటక మీద నుంచి అట్టపెట్టె దింపాడు. నిండా పాత ఆపరేషన్ అద్దాలే. "ఇప్పుడు డాక్టర్లు కంటి లోపలే అద్దం పెట్టేస్తున్నారండి. వీటితో ఎవరికీ పనిలేదు. తీసుకుపోండి," అన్నాడు. మా ఆవిడ సంచిలోంచి హార్లిక్స్ సీసా తీసి బల్ల మీద పెట్టి, అద్దాలను ఒక్కొక్కటిగా తేలు మీద పరీక్షించి ఏరుకుంది. మేము వెళ్లేదాకా ఆ కొట్టతను లోపలి గదిలోంచి బయటకు రాలేదు. ఎవరి తాతగారివో, ఎవరి అమ్మమ్మగారివో ఆ అద్దాలు కొండాపూర్, గచ్చిబౌలి షెడ్లలో టార్చిలై తిరిగాయి. భ్రమరాంబ దగ్గర టంకం పెట్టడం నేర్చుకున్న తల్లులు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ల చేతిలో కడ్డీ ఉన్నప్పుడు కూడా పలకరించకూడదు.

కానీ సత్తెమ్మ ఇంకా పిల్లను తీసుకురాలేదు. ప్లాస్టరింగ్ అయింది, సున్నం వేశారు, మిగతా పిల్లలందరూ వస్తున్నారు. అఖిల మాత్రం గుంజ దగ్గరే. మా ఆవిడ బలవంతపెట్టలేదు. కుట్టినప్పుడు ఆ పిల్ల పడిన బాధ చూసిన తల్లికి మన మాటలు ఎక్కవు అనేది.

ఒక సెలవు రోజు పొద్దున నేను బాలవాడి దగ్గర ఉండగా సత్తెమ్మ వచ్చింది. చంకలో అఖిల ఉంది. గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఉన్న టార్చిని చూసింది. అది మా నాన్నగారి అద్దం ఉన్నదే.

"గిది మీ నాయిన అద్దమంట గద సారు," అంది.

"అవునమ్మా."

"జర ఇస్తరా? నా కండ్లతోని నేనే సూస్త."

ఇచ్చాను. తలుపు మూశాం. సత్తెమ్మ పిల్లను చంక దింపకుండానే గోడలన్నీ చూసింది. చాపలు ఎత్తి చూసింది. ఉయ్యాల చీరను విప్పించి, మడత మడతా తిప్పి, రెండు వైపులా వేసి చూసింది. ఆ చీర మీద ఆమె నిలిపినంతసేపు ఆ వెలుగును నేనెక్కడా నిలపలేదు. ఎక్కడా ఏమీ మెరవలేదు.

ఆమె టార్చి ఆర్పి నాకిచ్చింది. చీర తనే ముడివేసి ఉయ్యాల కట్టి, పిల్లను అందులో పడుకోబెట్టి, తట్ట తీసుకుని పనిలోకి వెళ్లింది.